గంట పొదుపు

ఫోన్‌లో వీడియోలు చూడటం మానుకోవడం కూడా ఒక కష్టమేనా అని నన్ను చాలామంది అడిగారు. సారా మానినవాణ్ని ఊరు మెచ్చుకుంటుంది. దీన్ని మాత్రం ఎవరూ జబ్బు కింద లెక్కవేయరు కాబట్టి పడినవాళ్లను ఆదుకోవాలని ఎవరికీ తోచదు. నేను పడ్డాను. ఎట్ల పడ్డానో, ఎట్ల లేచానో ఉన్నదున్నట్టు రాస్తున్నా. నాలాంటి ఆడవాళ్లు ఊరూరా ఉన్నారని తెలుసు కాబట్టే రాస్తున్నా.

మాది ఓర్వకల్లు. కర్నూలు నుంచి నంద్యాల పోయే హైవే మీద ఉంటుంది. వాన తక్కువ, రాయి ఎక్కువ. రాక్ గార్డెన్ చూడటానికి దూరాల నుంచి జనం వస్తారు. ఈ మధ్య రీల్స్ తీసుకోవడానికే వచ్చే కుర్రవాళ్లు ఎక్కువయ్యారు. 2021 మార్చిలో విమానాశ్రయం కూడా మొదలైంది. అయినా పనికోసం మగవాళ్లు బెంగళూరు, హైదరాబాద్ బస్సులెక్కడం ఆగలేదు. మా ఆయన బెంగళూరులో తాపీ పని చేస్తాడు. పండగకో పెళ్లికో వస్తాడు. ఇంట్లో నేను, మా అత్త, నా కూతురు. నేను రైకలు కుడతాను, చీరలకు ఫాల్, పీకో వేస్తాను. తొమ్మిదో తరగతిలోనే బడి మాన్పించారు. లెక్క రాయడం బాగా వచ్చు కాబట్టి మా పొదుపు సంఘం పుస్తకాలు నా దగ్గరే ఉంటాయి.

2020లో కరోనాకు బడులు మూతపడినప్పుడు పిల్లకు ఆన్‌లైన్ పాఠాల కోసం ఫోన్ కావాల్సి వచ్చింది. సంఘంలో అప్పు తీసుకొని కొన్నాం. వాయిదాలు తీరేలోపే బడులు తెరిచారు. ఫోన్ నా చేతికి వచ్చింది. మొదట పనికే వాడాను. మగ్గం వర్కు ఎట్ల వేస్తారు, బోట్ నెక్ ఎట్ల కత్తిరిస్తారు, ప్రిన్సెస్ కట్‌కు కొలతలు ఎట్ల తీస్తారు, అన్నీ ఫోన్‌లోనే నేర్చుకున్నా. కర్నూలుకు పోయి ఫీజు కట్టి నేర్చుకునే స్తోమత లేనిదాన్ని ఇంట్లో కూర్చొనే కొత్త డిజైన్లు పట్టుకున్నా. గిరాకీ పెరిగింది. ఆ మేలు నేను మరిచిపోలేదు. అందుకే ఫోన్‌ను ఊరికే తిట్టిపోసేవాళ్లతో నేను గొంతు కలపను.

ఆ ఏడాదే జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. ఇక ఈ గోల వదిలిందనుకున్నారు పెద్దలు. నెల తిరక్కముందే అదే మాదిరి చిన్న వీడియోలు వేరే యాప్‌లో మొదలయ్యాయి. కుట్టు పాఠాల కోసం ఫోన్ తీసేదాన్ని మెల్లగా వాటికి మళ్లాను. అప్పటికింకా అది కాలక్షేపమే.

2021 మే నెలలో, కరోనా రెండో దఫాలో మా అమ్మ పోయింది. కడసారి చూపు దక్కలేదు. దినాలకు నలుగురు కూడా రాలేకపోయారు. చుట్టాలొచ్చి పక్కన కూర్చొని, ఏడ్చి, ఏడిపించి, బలవంతంగా నాలుగు ముద్దలు తినిపించి పోయే ఓదార్పు ఆ ఏడు ఎవరికీ లేదు. పగలు పనిలో గడిచిపోయేది. రాత్రి అత్త, పిల్ల నిద్రపోయాక అమ్మ గుర్తొచ్చేది. గుర్తు రాకుండా ఉండటానికి ఫోన్ తీసేదాన్ని. ఒకటి అయ్యేలోపు ఇంకొకటి వచ్చేది. నవ్వొచ్చేవి కొన్ని, వంటలు కొన్ని, ఎవరో మొగుడూ పెళ్లాల పోట్లాటలు కొన్ని. ఏవీ మనసులో నిలిచేవి కావు. అమ్మ కూడా గుర్తొచ్చేది కాదు. నాకు కావాల్సింది అదే.

పది గంటలకు పడుకునేదాన్ని ఒంటిగంటకు, రెండింటికి చేరాను. వెలుతురు పిల్ల మీద పడకుండా దుప్పటి తల మీదికి లాక్కొని లోపల ఫోన్ పట్టుకునేదాన్ని. తెల్లారి కళ్లు మండేవి, మెడ పట్టేసేది. మా వీధికి కొళాయి నీళ్లు రోజూ రావు. వచ్చేరోజు తెల్లవారుజామునే వస్తాయి. నేను లేవలేకపోతే మా అత్త ఒక్కతే బిందెలు వరుసలో పెట్టి మోసేది. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. ఒకనాడు బిందె దించి, ఆయాసం తీర్చుకొని, "ఏం మే, రాత్రంతా ఆ ఎలుగులో ఏం చూస్తాండావు?" అని అడిగింది. కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. రాత్రి చూసినవాటిలో ఒక్కటి చెబుదామన్నా నాకు గుర్తు రాలేదు.

కుట్టేటప్పుడు కూడా ఫోన్‌ను మిషన్ పక్కన నిలబెట్టుకోవడం మొదలైంది. ఇన్నేళ్ల అనుభవం ఉంది, చెయ్యి దానంతటదే నడుస్తుంది అనుకుంటాం. నడవదు. చూపు గుడ్డ మీదే ఉండాలి. శ్రావణమాసం పెళ్లిళ్ల పని మీద ఉన్నప్పుడు ఒక పట్టు రైకకు చేతులు అతుకుతున్నా. లైనింగుతో కలిపి మందంగా ఉంది, ఎడమ చూపుడువేలితో సూది పక్కనే నొక్కి పట్టుకోవాలి. చూపు పక్కకు పోయింది. మోటారు పెడల్ మీది నుంచి కాలు తీసేలోపే సూది గోరులోంచి దిగి లోపల విరిగింది. తిరుగుడు చక్రాన్ని రెండో చేత్తో వెనక్కి తిప్పి వేలు బయటికి తీసుకున్నా. ఆసుపత్రిలో మత్తు సూది వేసి ముక్క తీశారు, టీటీ ఇచ్చారు.

ఆ రాత్రి కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకొని కుడి చేత్తో మళ్లీ అవే వీడియోలు చూశా. నొప్పి తెలియకుండా ఉండాలని. ఏ నొప్పి వచ్చినా దానికి మందు అదే అని నా ఒంటికి అలవాటైపోయింది. ఇది నా చెయ్యి దాటిపోయిందని నాకు అర్థమైంది ఆ రాత్రే.

మానడానికి నాకు తెలిసినవన్నీ చేశా. యాప్ తీసేశా, మళ్లీ వేసుకున్నా. ఫోన్ పిల్ల చేతికిచ్చి దాచిపెట్టమన్నా, నడిరాత్రి దాన్నే లేపి ఎక్కడ పెట్టావని అడిగా. శివరాత్రికి కాల్వబుగ్గ పోయి రామేశ్వరస్వామి ముందర ఒట్టు పెట్టుకున్నా. ఉగాది దాకా కూడా నిలవలేదు. బటన్ల ఫోన్‌కు మారదామంటే కుదరదు. డిజైన్ల ఫోటోలు, కుట్టుకూలి డబ్బులు, సంఘం కబుర్లు అన్నీ ఈ ఫోన్‌కే వస్తాయి. అది లేకుంటే పని లేదు.

ఎందుకు మానలేకపోయానో తర్వాత చదివి తెలుసుకున్నా. పేపరుకు చివరి పేజీ ఉంటుంది, సినిమాకు శుభం కార్డు పడుతుంది. ఈ తెరకు అడుగు ఉండదు. ఎంత జరిపినా కింద ఇంకొకటి ఉండేట్టు చేసే పద్ధతిని 2006లో ఆజా రాస్కిన్ అనే అమెరికా డిజైనర్ తయారుచేశాడు. అది జనాన్ని ఇంతగా కట్టిపడేసినందుకు బాధపడుతున్నానని తర్వాత ఆయనే బహిరంగంగా చెప్పాడు. ఇంకొకటి, రాబోయే వీడియో నచ్చుతుందో లేదో ముందు తెలియదు. దొరికేది ఎప్పుడు దొరుకుతుందో తెలియనప్పుడే ప్రాణి వదలకుండా వెతుకుతుందని స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాల మీద చేసిన ప్రయోగాల్లో ఎప్పుడో తేల్చాడు. దానికి తోడు మనం ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగామో యాప్ లెక్క పెట్టుకొని, మరుసటి సారి అలాంటివే ముందు పెడుతుంది. ఇన్ని తెలివితేటలకు ఎదురుగా, పగలంతా పనిచేసి అలసిపోయిన ఒక్క మనిషి పట్టుదల ఎంతసేపు నిలుస్తుంది? ఇది తెలిశాక నన్ను నేను తిట్టుకోవడం మానేశా. తిట్టుకున్న ప్రతిసారీ ఆ బాధకు మళ్లీ ఫోనే తీసేదాన్ని.

వేలి గాయం చూసిన ఏఎన్‌ఎం అక్క నాతో కాసేపు మాట్లాడి 14416 నంబరు రాసిచ్చింది. టెలీ మానస్ అంటారు. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన సేవ. డబ్బులు కట్టనక్కర్లేదు, రాత్రీ పగలూ ఎప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ చేశా. ఎంతసేపు చూస్తున్నావని నిలదీస్తారనుకున్నా. అవతలి ఆమె, "ఏ వేళలో ఫోన్ తీస్తున్నారమ్మా? తీసే ముందు మనసులో ఏముంటోంది?" అని అడిగింది. కొన్నాళ్లు కాగితం మీద రాసి చూసుకోమంది. రాశాను. వేళ దాదాపు ఒకటే, ఇల్లు సద్దుమణిగాక. మనసులో ఏముందో రాసే చోట చాలాసార్లు "అమ్మ" అని రాశా.

ఆ కాగితం సంఘం పుస్తకంలో పెట్టుకున్నా. మీటింగులో తీర్మానం రాద్దామని పుస్తకం తీస్తే జారి బయటపడింది. పక్కనున్న వదిన అందుకొని చదివింది. దాచడానికి వీల్లేక అంతా చెప్పేశా. నవ్వుతారనుకున్నా. ఎవరూ నవ్వలేదు. "నాదీ ఇదే వరస" అంది ఒకామె. ఇంకొకామె తన కొడుకు ఇంటర్ తప్పిన సంగతి ఎత్తింది. మా సంఘం మొదలైనప్పటి నుంచి ఉన్న పెద్దవ్వ అంతా విని, "అప్పట్ల ఇంట్ల డబ్బాలో ఏసుకున్న రూపాయి ఎప్పుడన్న నిలిసిందా? మొగుడన్న తీస్కపోతుండె, పిల్లోని జరానికన్న పోతుండె. పదిమంది ముందర కట్టినాకనే నిలిసింది. ఫోన్‌కు పోయే నీ గంట కూడ అంతే" అంది.

పెద్దవ్వ ఊరికే అన్న మాట కాదది. 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కింద కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో పేదరిక నిర్మూలన పథకం నడిచింది. అప్పుడే మా మండలం ఆడవాళ్లు రోజుకు రూపాయి కూడబెట్టడం మొదలుపెట్టారు. ఆ రూపాయిల మీదే ఓర్వకల్లు మండల పొదుపులక్ష్మి ఐక్య సంఘం నిలబడింది. బాలభారతి అనే బడి కూడా నడుపుతోంది. అంతకు ముందు 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగినప్పుడు కూడా ఇదే జరిగింది. ఏ మొగుడూ ఇంట్లో ఒట్టు పెట్టుకుంటే మానలేదు. ఆడవాళ్లంతా కలిసి అంగడి మూయించారు. ఏడాది తిరిగేసరికి, 1993 అక్టోబరులో, రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడగావ్ అనే ఊరి గురించి నేను పేపర్లో చదివింది అప్పుడు చెప్పా. 2022 ఆగస్టు 15 నుంచి ఆ ఊళ్లో సాయంత్రం ఏడు గంటలకు సైరన్ మోగుతుంది. ఊరంతా టీవీలు, ఫోన్లు పక్కన పెడతారు. ఎనిమిదిన్నరకు మళ్లీ మోగేదాకా పిల్లలు చదువుకుంటారు, పెద్దవాళ్లు మాట్లాడుకుంటారు. సైరన్ పెట్టించే శక్తి మాకు లేదు. సంఘం ఉంది.

సంఘాలకు పంచసూత్రాలు ఉంటాయి. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. మా వీధిలో ఉన్న సభ్యులం వాటిలో మూడింటిని ఈ పనికి తీసుకున్నాం. రాత్రి భోజనాలు ముందే ముగించి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా మా అరుగు మీద కలవాలి. తర్వాత ఇంటికి పోయాక ఫోన్ ముందుగదిలో చార్జింగ్ పెట్టి, తెల్లారేదాకా పడకగదిలోకి తీసుకుపోకూడదు. నిలబెట్టుకున్నదీ తప్పినదీ వారం మీటింగులో నోటితో చెప్పి, పుస్తకంలో రాయాలి. జరిమానా వద్దనుకున్నాం. జరిమానా ఉంటే అబద్ధం చెబుతారని పెద్దవ్వ అంది. అలారం కోసం ఫోన్ పక్కలో పెట్టుకుంటున్నామనే సాకు పోవాలని తలా ఒక అలారం గడియారం కొనుక్కున్నాం. రాత్రిపూట అత్యవసరమైతే మా అత్త దగ్గరున్న బటన్ల ఫోన్‌కు చేస్తానని మా ఆయన అన్నాడు.

మొదటి రోజులు నరకం. చేతికి ఏదో పోయినట్టు ఉండేది. మోగని ఫోన్ మోగినట్టు వినిపించి లేచి కూర్చునేదాన్ని. తల బరువు, ఊరికే చిరాకు. పిల్ల పెన్సిల్ కింద పడేస్తే అరిచా. నిద్ర రాదు, పైకప్పు చూస్తూ పడుకోవాలి. ఒక రాత్రి లేచి ముందుగదిలోకి పోయి, ఫోన్ ముందు నిలబడి, మా అత్త దగ్గితే ఉలిక్కిపడి వెనక్కి వచ్చా. నన్ను ఆపింది భక్తి కాదు, బుద్ధి కాదు. మీటింగులో చెప్పుకోవాలి కదా అన్న ఒక్క మాట ఆపింది.

అంతకన్నా కష్టమైనది వేరే ఉంది. ఫోన్ లేని రాత్రి అమ్మ వచ్చేసింది. రెండేళ్లకు పైగా నేను రానివ్వని దుఃఖమంతా ఒక్కసారిగా మీద పడింది. అరుగు మీద గుండీలు కుడుతూ కుడుతూ ఏడ్చేశా. ఎవరూ ఊరుకోమనలేదు. "మీ అమ్మ ఎట్లుండేది, చెప్పు మే" అంది పెద్దవ్వ. చెప్పా. సజ్జరొట్టె ఎంత పలచగా తట్టేదో, బుడ్డలు పీకే కూలికి పోయి వస్తూ నా కోసం కొంగులో ఎన్ని కాయలు మూటగట్టుకొచ్చేదో చెప్పా. ఆమెకు కరోనా అప్పుడు నలుగురి మధ్య జరగని దినాలు ఆ వారమంతా మా అరుగు మీద జరిగాయనుకుంటా. ఆ తర్వాతే నాకు నిద్ర పట్టడం మొదలైంది. నేను మానాల్సింది ఫోన్ అనుకున్నా గాని, నాకు ముందు కావాల్సింది ఏడవడానికి నలుగురు మనుషులు.

మిగిలిన గంటను ఏం చేయాలన్నది తర్వాత వచ్చిన కష్టం. ఏ పనీ పెట్టని గంట తిరిగి ఫోన్‌కే పోతుందని అందరం చూశాం. ఒకరు చేతిసంచులు కుట్టడం నేర్చుకున్నారు. ఒకరు పిల్లలకు లెక్కలు చెప్పించారు. నేను సార్వత్రిక విద్యాపీఠంలో పదో తరగతికి కట్టా. వయసు అడ్డం రాదు, అన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు, ఒక్కో సబ్జెక్టు దాటుకుంటూ పోవచ్చు. తెలుగు, సాంఘికం సులువుగానే వచ్చాయి. లెక్కలకు సంఘం పుస్తకాలే నన్ను ఎప్పుడో తయారుచేశాయి, వడ్డీ లెక్క చూడగానే నవ్వొచ్చింది. ఇంగ్లీషు ఏడిపించింది. రోజూ ఆ వేళకు నా కూతురు పక్కన కూర్చొని చెప్పింది, చివరికి అదీ గట్టెక్కింది. ఇప్పుడు నా దగ్గర పది పాసైన సర్టిఫికెట్ ఉంది. రైకలు చెప్పిన రోజుకు ఇస్తున్నా. నీళ్లొచ్చే పొద్దున బిందెలు నేనే మోస్తున్నా.

పూర్తిగా నయమైందని చెప్పను. మా ఆయనతో మాట పట్టింపు వచ్చిన రాత్రి, పండగకు రాలేనని ఆయన చెప్పిన రాత్రి చెయ్యి ఫోన్ వైపే పోతుంది. కొన్నిసార్లు పోయింది కూడా. మీటింగులో చెబుతా, పుస్తకంలో రాస్తా, మరుసటి రోజు మళ్లీ మొదలుపెడతా. నా కూతురు ఇంకా చూస్తుంది. దాని వయసు పిల్లలకు ఇది ఇంకా కష్టం. పదహారేళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని ఆస్ట్రేలియా చట్టం చేసి 2025 డిసెంబరు 10 నుంచి అమలు పెట్టింది. చట్టాలు చేసేవాళ్లు చేయాలి. కానీ అమ్మ రాత్రి రెండు దాకా దుప్పటిలో ఫోన్ చూసే ఇంట్లో పిల్లకు ఏ చట్టమూ నేర్పదు. అరుగు మీద తొమ్మిదిన్నర దాకా అది నాతో కూర్చుంటోంది, ప్రస్తుతానికి నాకు అది చాలు.

నా మాట ఒక్కటే. దీన్ని ఒక్కరే మానాలని చూడకండి. ఒంటరిగా పెట్టుకున్న ఒట్టు నడిరాత్రికి నిలవదు. ఆంధ్రలో, తెలంగాణలో పొదుపు సంఘం లేని ఊరు వెతికినా దొరకదు. ఈ వారం మీటింగులో అప్పులు, వాయిదాల మాట అయ్యాక ఇంకో పది నిమిషాలు కూర్చోండి. ఎవరు రాత్రిళ్లు నిద్రపోవడం లేదో అడగండి. మొదట మీ సంగతి మీరు చెప్పండి, మిగతావాళ్లు చెబుతారు. ఒక వేళ అనుకొని తీర్మానాల పుస్తకంలో రాయండి. మనసులో మోయలేని బరువుంటే 14416కు ఫోన్ చేయండి. ఆ ఫోన్‌తోనే చేయండి.